అర్జీ ఎవరి పేరిట?

మన ఊళ్ళలో నాలుగు అక్షరాలు వచ్చినవాడికి తప్పని పని అర్జీ రాయడం. బడి వదిలే వేళకి ఎవరో ఒకరు వరండాలో కూర్చుని ఉంటారు. చేతిలో ఆధార్ జిరాక్సు, మడతలు పడ్డ తెల్లకాగితం. పింఛను ఆగిపోయింది, పోడు పట్టా రాలేదు, బోరింగు పాడై రెండు నెలలైంది, కోడలికి నొప్పులొస్తే డోలీ కట్టి మోశారు. చెప్పాల్సిన సంగతి దగ్గర వాళ్ళు తడుముకోరు. తడుముకునేది మేమే, అదీ మొదటి వరుసలోనే. 'గౌరవనీయులైన' అని రాశాక ఎవరి హోదా రాయాలో తెలియక కలం ఆగుతుంది. సచివాలయానికా, తహసీల్దారుకా, ఐటీడీఏ పీవో గారికా, కలెక్టరు గారికా, ఫారెస్టు వాళ్ళకా, ఢిల్లీకా? "ఎవరికి రాయమంటావు తాతా?" అని అడిగితే, "సర్కారుకి రాయి సారూ" అంటాడు.

మేము ఇక్కడ అడగదలచుకున్న ప్రశ్న అక్కడే పుట్టింది. మనకి ప్రభుత్వం మీద కోపం ఉంది. అది న్యాయమైన కోపమే, దాని గురించి వాదన అక్కర్లేదు. అయితే ఆ కోపం ఎవరి మీద పెట్టుకోవడం న్యాయం?

సర్కారు అనే మాట మన పెద్దల నోట ఎలా తిరుగుతుందో గమనించండి. జీపు వస్తే సర్కారొచ్చింది అంటారు. అడవిలో గొడ్డలి లాక్కున్న బీటు ఆఫీసరు సర్కారే. బియ్యం తూచే డీలరు సర్కారే. మలేరియా మాత్రలిచ్చే ఏఎన్‌ఎం సర్కారే. మేమూ సర్కారే. హైకోర్టు, పార్లమెంటు, గవర్నరు అన్నీ ఆ ఒక్క మాటలోనే ఇమిడిపోతాయి. ఇది తెలియనితనం అని నవ్వుకునేవాళ్ళున్నారు. మాకు అలా అనిపించదు. తరతరాలుగా వచ్చిన ప్రతివాడూ ఒకే తీరుగా ఉంటే అందరికీ ఒకే పేరు పెట్టడం తెలివైన పనే. ముఠాదారు వచ్చినా, రేంజరు వచ్చినా, అమీను వచ్చినా అడిగింది కోడిపుంజునే కదా.

కానీ ఆ ఒక్క పేరు పెట్టడంలో ఒక నష్టం జరిగింది. సర్కారు మనిషి కాకుండా పోయింది. వానలాగా, జ్వరంలాగా అయింది. 'ఈ ఏడు వానలు లేవు' అన్నట్టే 'ఈ ఏడూ సర్కారు పట్టా ఇవ్వలేదు' అంటాం. వానని ఎవరూ నిలదీయరు, మొక్కుకుంటారు. మన అర్జీలు చదివి చూడండి, అవీ మొక్కులే. 'తమరు దయతలచి', 'నిరుపేదలమైన మాకు', 'మీ పాదాలకు నమస్కరించి'. చట్టం మనకిచ్చినదాన్ని అడిగేటప్పుడు కూడా ఇవే మాటలు. ఇంటర్నెట్ సెంటర్లో అర్జీ టైపు చేసే కుర్రవాడి కంప్యూటర్లో ఈ మాటలు ముందే ఉంటాయి, పేరూ ఊరూ మారిస్తే చాలు.

పిడుగు పడి ఎద్దు చచ్చిపోతే అది కష్టం. పక్కవాడు గొడ్డలితో కొట్టి చంపితే అది అన్యాయం. ఎద్దు పోవడం రెండిట్లోనూ ఒకటే, ఆ ఏడు దుక్కి సాగకపోవడమూ ఒకటే. రెండోదాంట్లో చేసినవాడు ఒకడున్నాడు, వాడు చేయకుండా ఉండగలిగినవాడు. అంతే తేడా. చేసినవాడి పేరు మనం మరిచిపోతే అన్యాయం మెల్లమెల్లగా కష్టంగా మారిపోతుంది. అప్పుడు మిగిలేది 'మన రాత ఇంతే' అన్న మాట. ఈ మాట ముసలివాళ్ళ నోట వింటే బాధగా ఉంటుంది. డిగ్రీ చదివిన పిల్లల నోట వింటున్నప్పుడు భయంగా ఉంటుంది.

మన కుల పంచాయితీ పద్ధతి ఇలా ఉండదు. ఎవరి చేనులో ఎవరి మేకలు పడ్డాయో తేలేదాకా పెద్దలు లేవరు. 'ఊరు మేసింది' అంటే ఒప్పుకోరు. తప్పు చేసినవాణ్ణి ఎదురుగా కూర్చోబెడతారు, వాడి మాట వాడి నోటే చెప్పనిస్తారు, తప్పు కట్టిస్తారు. ఆ తర్వాత అందరూ కలిసి తింటారు. కోపం ఆ భోజనంతో దిగిపోవాలి. మన పంచాయితీల్లో లోపాలు లేవని కాదు, ముఖ్యంగా ఆడవాళ్ళ మాట వినడంలో చాలా ఉన్నాయి. కానీ ఒక సంగతి వాళ్ళకి బాగా తెలుసు. ముఖం లేనివాణ్ణి కూర్చోబెట్టలేం. కూర్చోబెట్టలేనివాడి మీద కోపం ఎప్పటికీ దిగదు.

సర్కారుని మనిషిలా చూడాలన్నది మేము కల్పించిన మాట కాదు. దేశంలోకెల్లా పెద్ద కోర్టు చెప్పింది. 1959 నాటి భూ బదలాయింపు నిబంధనల్ని 1970లో సవరించారు, దాన్నే మనం 1/70 అంటాం. షెడ్యూల్డు ప్రాంతంలో ఏ వ్యక్తీ భూమిని గిరిజనేతరులకి బదలాయించకూడదని అది చెబుతుంది. విశాఖ జిల్లా అనంతగిరి మండలంలో ప్రైవేటు కంపెనీలకి గనుల లీజులు ఇచ్చినప్పుడు సమత అనే సంస్థ కోర్టుకి వెళ్ళింది. అక్కడ తేలాల్సిన ప్రశ్న వినడానికి చిన్నదే. 'వ్యక్తి' అన్న మాటలో ప్రభుత్వం ఉందా లేదా? లేకపోతే ప్రభుత్వ భూమిని ప్రభుత్వం ఎవరికైనా ఇచ్చుకోవచ్చు. 1997 జూలై 11న సుప్రీంకోర్టు ఉంది అని చెప్పింది. గిరిజనుడి మీద ఉన్న కట్టుబాటే ప్రభుత్వం మీదా ఉంటుందని దాని అర్థం. ఈ తీర్పుని అందరూ గనుల తీర్పుగా చెబుతారు. మాకు మాత్రం ఆ ఒక్క మాట గనులకంటే ఎక్కువ అనిపిస్తుంది. ప్రభుత్వం వ్యక్తి అయితే ఎదురుగా కూర్చోబెట్టవచ్చు. తప్పు కట్టించవచ్చు.

చెప్పినంత తేలిక కాదు, నిజమే. ఎందుకు కాదో మా ప్రాంతం కథ చెబితే తెలుస్తుంది. మేముండేది శబరి ఒడ్డు మండలాల్లో. మా ఊళ్ళలో ఎనభై దాటిన తాత ఇల్లు కదలకుండానే ఎన్ని ప్రభుత్వాలు చూశాడో లెక్కపెట్టండి. పుట్టినప్పుడు మద్రాసు పాలన, తూర్పు గోదావరి జిల్లా. 1953లో ఆంధ్ర రాష్ట్రం. 1956లో ఆంధ్రప్రదేశ్. 1959లో భద్రాచలం డివిజన్ని తీసి ఖమ్మం జిల్లాలో కలిపారు. 2014లో పోలవరం ముంపు మండలాలని చెప్పి ఖమ్మం నుంచి తీసి మళ్ళీ తూర్పు గోదావరిలో కలిపారు. దానికి ముందు ఆర్డినెన్సు వచ్చింది, జూలైలో పార్లమెంటు చట్టం చేసింది. 2022 ఏప్రిల్‌లో అల్లూరి సీతారామరాజు జిల్లా అన్నారు, జిల్లా కేంద్రం పాడేరు అయింది. కాకినాడ, ఖమ్మం, మళ్ళీ కాకినాడ, పాడేరు. పాత భూమి కాగితం ఒక ఊళ్ళో, కుల ధ్రువపత్రం ఇంకో ఊళ్ళో. తాత మాత్రం అదే చింతచెట్టు కింద ఉన్నాడు.

ఇన్ని మార్పుల్లో ఊరిని అడగాల్సిన పని చట్టంలో లేదు. రాష్ట్రాల సరిహద్దు మార్చేటప్పుడు రాజ్యాంగం మూడో అధికరణం ప్రకారం శాసనసభ అభిప్రాయం కోరితే సరిపోతుంది. అదే పార్లమెంటు 1996లో పెసా చట్టం చేసింది. షెడ్యూల్డు ప్రాంతంలో భూమి సేకరించే ముందు గ్రామసభనో పంచాయతీనో సంప్రదించాలని అందులో రాసుంది. అంటే ఎకరం భూమి తీసుకోవడానికి మన మాట కావాలి, మండలం మొత్తాన్ని ఒక రాష్ట్రంలోంచి ఇంకో రాష్ట్రంలో పెట్టడానికి అక్కర్లేదు. ఎనిమిదో తరగతి పిల్లలకి ఈ సంగతి చెబితే నవ్వుతారు. వాళ్ళ నవ్వులో మాకు రాజ్యాంగ పండితుల వ్యాఖ్యానం కంటే ఎక్కువ వివేకం కనబడింది.

పోలవరం కట్టడం మంచిదా కాదా అని ఇక్కడ తేల్చబోవడం లేదు. ఒక్క గీతని చూడమంటున్నాం. ప్రాజెక్టు పూర్తి నీటిమట్టం 45.72 మీటర్లు. పునరావాసానికి మాత్రం మొదటి దశ అని 41.15 మీటర్ల కాంటూరు దగ్గర గీత గీశారు. కాంటూరు అనే మాట మా దగ్గర పశువులు కాసే పిల్లవాడికి కూడా వచ్చు. గీతకి కింద ఉంటే ముందు జాబితా, పైన ఉంటే తర్వాత చూస్తారు. 2022 జూలైలో గోదావరి భద్రాచలం దగ్గర 71.3 అడుగులకి వచ్చింది. 1986లో 75.6 అడుగులు వచ్చిన మాట నిజమే, వరద మాకు కొత్త కాదు. కానీ ఈసారి కాగితం మీద గీతకి పైనున్న ఊళ్ళలోకి కూడా నీళ్ళొచ్చాయి. జనం గుట్టలెక్కి టార్పాలిన్ల కింద రోజుల తరబడి ఉన్నారు. నీళ్ళు తగ్గాక ఇళ్ళలో మోకాలిలోతు బురద. 'మా ఇల్లు మునిగింది కదా, మమ్మల్ని మొదటి జాబితాలో పెట్టండి' అని అడగడం మొదలుపెట్టారు.

వాళ్ళు విన్న జవాబులు ఇవి. సచివాలయంలో, జాబితా మా దగ్గర తయారవదు. మండలంలో, సర్వే మాది కాదు, ప్రాజెక్టు వాళ్ళది. ప్రాజెక్టు వాళ్ళ దగ్గర, డబ్బు విడుదల కావాలి. రాష్ట్రం మాట, ఇది జాతీయ ప్రాజెక్టు, కేంద్రం ఇవ్వాలి. కేంద్రం మాట, కట్టేది రాష్ట్రం, అంచనాలు వాళ్ళే పంపాలి. విడివిడిగా చూస్తే ఇందులో దేన్నీ అబద్ధం అనలేం. ఎవరూ అబద్ధం ఆడకుండానే ఊళ్ళు బురదలో ఉన్నాయి. వేట మాంసం పంచితే ఇంటికో ముక్క వస్తుంది. బాధ్యతని ఇలా పంచితే ఏ ఇంటికీ ముక్క రాదు.

మరి ఆ రోజుల్లో జనం కోపం ఎవరి మీద పడింది? సచివాలయంలో కూర్చున్న వెల్ఫేర్ అసిస్టెంటు మీద. ఆ అమ్మాయి మన గురుకులంలోనే చదివింది, ఆమె తల్లిదండ్రులూ టార్పాలిన్ కిందే ఉన్నారు. 41.15 అన్న అంకె ఆమె పెట్టింది కాదు, మార్చగలిగేదీ కాదు. ఆమె దగ్గర ఉన్నది ఒక కంప్యూటరు, సిగ్నల్ లేని ఒక ఫోను. అయినా తిట్లన్నీ ఆమే తిన్నది. గీత గీసినవాళ్ళకి మన తిట్టు ఒక్కటీ వినబడలేదు.

అందుకే కోపానికి పేరు కావాలంటున్నాం. పేరు లేని కోపం దగ్గరున్నవాడి మీద పడుతుంది, దగ్గరున్నవాడు చాలాసార్లు మనవాడే అవుతాడు. మా ప్రాంతంలో ఇది ఇంకా పెద్ద రూపంలో జరిగింది. అడవిదారి పట్టిన పిల్లలు సర్కారు మొత్తాన్ని ఒక్క శత్రువుగా చూశారు. వాళ్ళని వెతుకుతూ వచ్చినవాళ్ళు ఊరు మొత్తాన్ని ఒక్క అనుమానితుడిగా చూశారు. చనిపోయిన వాళ్ళలో హోంగార్డులున్నారు, కానిస్టేబుళ్ళున్నారు, ఇన్‌ఫార్మర్ అన్న ముద్ర పడ్డ కూలివాడున్నాడు, పదిహేడేళ్ళ పిల్లలున్నారు. చాలామంది ఇంటిపేర్లు మన ఇంటిపేర్లే. ఇంతకుమించి ఈ విషయం ఇక్కడ రాయం.

చదువుకున్న పిల్లలకి దగ్గరి ఉదాహరణ ఇంకొకటి ఉంది. మాలో చాలామందికి ఉద్యోగం వచ్చింది జీవో 3 వల్ల. 2000 జనవరి 10న వచ్చిన ఆ ఉత్తర్వు షెడ్యూల్డు ప్రాంతాల్లో ఉపాధ్యాయ పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే అంది. టీటీసీ చదివి, డీఎస్సీ రాసి, మా భాషలో మాట్లాడే పిల్లల ముందు నిలబడ్డాం. 2020 ఏప్రిల్ 22న, లాక్‌డౌన్ రోజుల్లో, సుప్రీంకోర్టు ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం నూటికి నూరు రిజర్వేషన్ చెల్లదని ఆ జీవోని కొట్టేసింది. అప్పటిదాకా జరిగిన నియామకాలని మాత్రం షరతులతో కాపాడింది. మా ఉద్యోగాలు మిగిలాయి, మా వెనక వచ్చేవాళ్ళ దారి మూసుకుపోయింది. అందుకే ఈ మాట ఎత్తేటప్పుడు మా గొంతు కొంచెం తగ్గుతుంది.

ఇప్పుడు డీఈడీ చేసి ఖాళీగా ఉన్న తమ్ముళ్ళ కోపం ఎటు పోతోందో చూడండి. ఏజెన్సీ పోస్టుకి దరఖాస్తు పెట్టిన గిరిజనేతర కుర్రవాడి మీదికి పోతోంది. వాడు కూడా ఎక్కడో కోచింగ్ సెంటర్లో అప్పు చేసి చదివినవాడే. నోటిఫికేషన్‌లో ఉన్న పోస్టుకి వాడు దరఖాస్తు పెట్టాడు, అంతకంటే ఏం చేశాడు? ఇంకొంతమంది కోపం న్యాయమూర్తుల మీదికి పోతోంది. తీర్పుని విమర్శించవచ్చు, మేమూ విమర్శిస్తాం. ఐదో షెడ్యూలు ఎందుకు పుట్టిందో ఆ తీర్పు సరిగ్గా పట్టించుకోలేదని మా అభిప్రాయం. కానీ ఈ రోజు పని ఎవరి బల్ల మీద ఆగి ఉంది? 1986లో ఇలాంటి జీవోనే వచ్చి ట్రిబ్యునల్లో కొట్టుడుపోయింది. అది తెలిసి కూడా కోర్టులో నిలిచే పద్ధతిలో రెండోదాన్ని కట్టలేకపోయింది రాష్ట్ర ప్రభుత్వం. తీర్పు తర్వాత మళ్ళీ నిలబడే నిబంధన తయారుచేయాల్సింది రాష్ట్ర ప్రభుత్వాలే. సలహా ఇవ్వాల్సింది గిరిజన సలహా మండలి. సంతకం పెట్టాల్సింది గవర్నరు. ఆ సలహా మండలిలో ఇరవైమందికి మించకుండా సభ్యులుంటారు, వాళ్ళలో సుమారు నాలుగింట మూడు వంతులు గిరిజన ఎమ్మెల్యేలే ఉండాలని ఐదో షెడ్యూలే చెబుతోంది. ఆంధ్రప్రదేశ్‌లో ఎస్టీ నియోజకవర్గాలు 7, తెలంగాణలో 12. వీళ్ళెవరూ ముఖం లేనివాళ్ళు కాదు. ఓట్లకి మన వాకిట్లోకి వచ్చారు, మన డోలు వాయిద్యానికి అడుగులు కలిపి ఫోటోలు దిగారు. 'మండలి ఆఖరిసారి ఎప్పుడు కూర్చుంది, జీవో 3 గురించి మీరు ఏం అడిగారు, మినిట్సులో మీ మాట ఉందా' అని ఎంతమందిమి అడిగాం?

పేరు పెట్టి అడిగితే జవాబు వచ్చిన సందర్భం ఈమధ్యే ఉంది. 2025 ఫిబ్రవరిలో పర్యాటకం కోసం 1/70ని సడలించాలన్న మాట ఒక పెద్ద పదవిలో ఉన్నవారి నోట వచ్చింది. మన్యం బంద్ జరిగింది. మాట ఎవరన్నారో అందరికీ తెలుసు, ఏం వెనక్కి తీసుకోవాలో తెలుసు, ఎవరు జవాబు చెప్పాలో తెలుసు. ఆ చట్టాన్ని మార్చే ఆలోచన లేదని ముఖ్యమంత్రి చెప్పాల్సి వచ్చింది. 'మాకు అన్యాయం జరుగుతోంది' అని ఊరికే కూర్చుని ఉంటే ఆ జవాబు వచ్చేది కాదు.

మా మాటకి రెండు అభ్యంతరాలు చెబుతారు. రెండూ గట్టివే.

మొదటిది, పేర్లు పెట్టడం మొదలుపెడితే చిన్నవాళ్ళు బలైపోతారు, వ్యవస్థ తప్పించుకుంటుంది అంటారు. వీఆర్వోని సస్పెండ్ చేసి ఫైలు మూసేస్తారు. ఇది జరుగుతుంది, చూశాం. మేము చెప్పేది పేరు కింద ఆగకూడదని. ప్రతి మెట్టు దగ్గరా ఒక్క ప్రశ్న అడగాలి. 'ఇది మార్చే అధికారం మీకుందా? లేకపోతే ఎవరికుంది, రాసివ్వండి.' ఆ కాగితం పట్టుకుని పై మెట్టుకి వెళ్ళాలి. అధికారం ఉండి చేయనివాడు దొరికేదాకా పేరు పైకి ఎక్కాలి. ఇలా అడిగితే వెల్ఫేర్ అసిస్టెంటు అమ్మాయికి కూడా రక్షణే. 'నా చేతిలో లేదు' అని ఆమె రాసిచ్చిన కాగితం మనకి సాక్ష్యం అవుతుంది.

రెండో అభ్యంతరం ఒక కుర్రవాడు మమ్మల్ని అడిగింది. "పట్నం వాడు కుళాయి తిప్పితే నీళ్ళొస్తాయి. మనకి మాత్రం సెక్షన్లు బట్టీపడితేనే రావాలా సారూ? ఇది కూడా ఇంకో వెట్టిచాకిరీ కాదా?" దీనికి మా దగ్గర పూర్తి జవాబు లేదు. వాడన్నది నిజం. అర్జీకి తిరిగే రోజు కూలి పోతుంది, బస్సు ఛార్జీ పోతుంది, వెళ్ళిన రోజు సారు మీటింగులో ఉంటారు. ఫిర్యాదుల దినానికి ప్రభుత్వం మారినప్పుడల్లా పేరు మారుతుంది. మీ కోసం అన్నారు, స్పందన అన్నారు, జగనన్నకు చెబుదాం అన్నారు, ప్రజా సమస్యల పరిష్కార వేదిక అంటున్నారు. సోమవారం మాత్రం అదే, వరస కూడా అదే. హక్కుని పొందడానికి ఇంత శ్రమ పడాల్సి రావడమే ఒక అన్యాయం. ఆ శ్రమని పవిత్రం చేసి మేము పిల్లలకి చెప్పం. అయితే వాడు అడిగిన ప్రశ్నలోనే ఇంకో ప్రశ్న ఉంది. ఆ శ్రమ మానేస్తే భారం ఎవరి మీద పడుతుంది? చదువు లేని తాత మీద పడుతుంది. ఫోను వాడటం వచ్చినవాడు విసిగిపోవచ్చు, విసిగిపోయి హైదరాబాదు వెళ్ళి సెక్యూరిటీ పనిలో చేరొచ్చు. తాత ఎక్కడికి వెళ్తాడు?

కాబట్టి సెక్షన్లు బట్టీ పట్టక్కర్లేదు, రెండు మూడు తెలిస్తే చాలు. 2006 అటవీ హక్కుల చట్టాన్నే తీసుకోండి. బడి, అంగన్‌వాడీ, మంచినీళ్ళు, కరెంటు లైను, రోడ్డు వంటి పదమూడు రకాల పనులకి హెక్టారు లోపు అటవీ భూమి ఇవ్వడానికి అందులో వీలుంది, గ్రామసభ సిఫారసు కావాలి. డోలీ మోసిన ఊళ్ళో 'ఫారెస్టు వాళ్ళు రోడ్డు వేయనివ్వట్లేదు' అంటారు. గ్రామసభ తీర్మానం చేసి పంపారా అని అడిగితే చాలాచోట్ల లేదంటారు, పంపించమని చెప్పినవాళ్ళూ లేరంటారు. తీర్మానం వెళ్ళాక ఆగితే అది ఏ అధికారి దగ్గర ఆగిందో చెప్పొచ్చు. వెళ్ళకముందు ఆ మాట అనలేం. అదే చట్టం ప్రకారం పోడు హక్కు తిరస్కరిస్తే కారణం తెలపాలి, దాని మీద 60 రోజుల్లో పై కమిటీకి వెళ్ళొచ్చు. 2019 ఫిబ్రవరి 13న సుప్రీంకోర్టు తిరస్కరణకి గురైనవాళ్ళని ఖాళీ చేయించమంది, దేశమంతా గోల అయ్యాక 28న ఆ ఉత్తర్వుని ఆపింది. ఆ పదిహేను రోజులు మన ఊళ్ళలో ఎవరికీ నిద్ర లేదు. అప్పుడు బయటపడిన సంగతి, చాలామందికి తమ దరఖాస్తు తిరస్కరించినట్టే తెలియదు. ఎవరు తిరస్కరించారు, ఏ తేదీన, ఏ కారణంతో, ఏ సంతకంతో? కాగితం లేదు. కాగితం లేని తిరస్కరణ పిడుగులాంటిదే, చేసినవాడు కనబడడు.

ఇక మా వైపు చూసుకోవాలి, లేకపోతే ఈ వ్యాసం రాసే అర్హత ఉండదు. ఊరికి మేమూ సర్కారే అని ముందే చెప్పాం. ఏకోపాధ్యాయ పాఠశాలలో ఉపాధ్యాయుడు రాని రోజు, ఆ రోజు అక్కడ ప్రభుత్వం లేదు. వర్షానికి వాగు పొంగింది, శిక్షణకి పిలిచారు, ఫోటోలు యాప్‌లో ఎక్కించడానికి సిగ్నల్ ఉన్న గుట్ట ఎక్కాల్సి వచ్చింది. ఇవన్నీ నిజమైన కారణాలే. ఇందాక చూసిన జవాబులూ నిజమైనవే. రెండో తరగతి పిల్ల దృష్టిలో మా జవాబుకీ పై ఆఫీసు జవాబుకీ తేడా ఏముంది? పైవాణ్ణి పేరు పెట్టి అడిగే హక్కు మనకుంటే, మమ్మల్ని పేరు పెట్టి అడిగే హక్కు ఆ పిల్ల తల్లికి ఉంటుంది. ఆమె అడిగినప్పుడు కొందరు 'చదువు రానిదానికి ఏం తెలుసు' అని విసుక్కోవడం విన్నాం. అలా విసుక్కున్నవాడు ఏ సంఘం సభలో ఎంత గట్టిగా మాట్లాడినా మాకు వినబుద్ధి కాదు. బడి గోడ మీద ఉపాధ్యాయుడి పేరు, ఫోను నంబరు, సెలవు పెట్టిన రోజు ఎవరు వస్తారో రాసి పెట్టాలని కొన్ని ఊళ్ళలో తల్లులు అడిగారు. కొందరు సార్లకి అది అవమానంగా తోచింది. మాకు మాత్రం సరైన అర్జీ అంటే ఎలా ఉండాలో ఆ తల్లులకి తెలుసనిపించింది. అందులో దయతలచి అన్న మాట ఎక్కడా లేదు.

పోయిన నెల మా పక్క గూడెంలో ఒక తాత పోడు దరఖాస్తు విషయం చూశాం. పట్టా రాదని నోటిమాటగా చెప్పి పంపేశారట. రాసివ్వమని అడగడానికి మూడుసార్లు వెళ్ళాల్సి వచ్చింది. మూడోసారి కాగితం ఇచ్చారు. తేదీ ఉంది, హోదా ఉంది, సంతకం ఉంది. కారణం, సాగులో ఉన్నట్టు ఆధారం లేదు. ఆ కాగితం చూసి తాత సంతోషపడ్డాడు, మాకు మొదట అర్థం కాలేదు. "ఇన్నేళ్ళకి ఒకడు సంతకం పెట్టి లేదన్నాడు సారూ" అన్నాడు.

ఆధారం అంటే పట్టా పుస్తకమే కానక్కర్లేదు. దరఖాస్తుదారు కాని పెద్దల వాంగ్మూలం రాసిస్తే అదీ ఆధారమేనని నిబంధనల్లో ఉంది. 2005 డిసెంబరు 13కి ముందు నుంచి సాగులో ఉన్నట్టు తేలాలి. గ్రామసభ పెట్టి ఇద్దరు పెద్దల్ని అడిగాం. ఒక ముసలమ్మ ఆ చేను గట్టున చింతమొక్క తన చేత్తోనే నాటానంది. ఏ సంవత్సరం అంటే అంకె చెప్పలేదు. "పెద్ద వరద రాకముందు ఏడు" అంది. 1985 అని రాసి, చదివి వినిపించి, వేలిముద్ర తీసుకున్నాం. అర్జీ పై కమిటీ పేరిట రాశాం, తిరస్కరించిన అధికారి హోదా, తేదీ మొదటి వరుసలోనే ఉన్నాయి. రసీదు గ్రామసభ పుస్తకంలో అంటించాం. అరవై రోజుల్లో ఇరవై రెండో రోజున అందింది.